ఊరి బురుజులకు సిమెంటు పూయకండి: తిరుపతి నుంచి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, మ్యూజియముల శాఖ కమిషనర్ గారికి,
తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు,
ఊళ్ళో బురుజో కోటగోడో మిగిలివున్న పంచాయతీల సర్పంచులకు, కార్యదర్శులకు, ఇంజనీరింగ్ అసిస్టెంట్లకు

విషయం: రక్షిత జాబితాకెక్కని బురుజులు, కోటగోడల నమోదు, మరమ్మతు.

అయ్యలారా, అమ్మలారా,

ఊరి బురుజుకు మరమ్మతు అనగానే ఎస్టిమేటులో మొదటి వరుసలో సిమెంటు పడుతుంది. రెండో వరుసలో పిచ్చిమొక్కల తొలగింపు, ఆ కింద జేసీబీ గంటలు. ఈ పనులు రాసింది రాసినట్టు జరిగితే నాలుగు వానాకాలాలు తిరిగేసరికి ఆ బురుజుకు ఇంకో ఎస్టిమేటు వేసే పని ఉండదు, రాళ్ళు ఏరుకుపోవడమే మిగులుతుంది. పాత కట్టడాల పని తెలిసిన ఇంజనీర్లం, సున్నప్పని చేసే బేల్దారి మేస్త్రీలం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. నిధులు పెంచమని కాదు. ఉన్న నాలుగు రూపాయలను ముందు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ అసలు పెట్టకూడదో చెప్పడానికి.

చంద్రగిరి కోట గురించి కాదు మా బాధ. దానికి కేంద్ర పురావస్తు శాఖ ఉంది, రాజమహల్లో మ్యూజియం ఉంది, టికెట్టు ఉంది, కాపలా ఉంది. ఊరి నడుమనో, చెరువుకట్ట పక్కనో, కనుమదారి మలుపులోనో పేరూ బోర్డూ లేకుండా నిలబడ్డ బురుజుల గురించి మేము మాట్లాడుతున్నాం. ఈ నేల మీద పద్దెనిమిదో శతాబ్దమంతా దండ్లు నడిచాయి. ఆర్కాటు నవాబు మనుషులు, మైసూరు గుర్రాలు, ఈస్టిండియా కుంపిణీ పటాలాలు ఒకరి వెనక ఒకరు వచ్చారు. హైదరాలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయునిపేట దండులోనే. 1801లో ఆర్కాటు నవాబు ఏలిన కర్ణాటక రాజ్యం కుంపిణీ చేతికి వచ్చాక కూడా నరగంటి, కల్లూరు, పులిచెర్ల, మొగరాల, పాకాల వంటి చిత్తూరు పాళెములు, అంటే పాళెగాళ్ళ చిన్న సంస్థానాలు, అంత తేలిగ్గా లొంగలేదు. దండు వస్తుందంటే ఊరు ధాన్యాన్నీ పశువులనూ గోడ లోపలికి తోలుకుని తలుపు మూసుకునేది. బురుజు కట్టింది అందుకు. పండగనాడు జెండా ఎగరేయడానికి కాదు.

మరమ్మతు తెలియాలంటే ముందు ఆ గోడ కడుపులో ఏముందో తెలియాలి. బయటికి రాతికట్టులా కనబడే బురుజు నిజానికి మూడు పొరలు. బయట ఒక వరుస రాయి, లోపల ఒక వరుస రాయి, నడుమ మట్టీ గులకా పలుకురాళ్ళూ కుక్కిన నింపుడు. బయటి వరుసలో అక్కడక్కడా పొడుగురాయిని అడ్డంగా లోపలికి తోసి పొరలను పట్టి ఉంచుతారు. అవి తక్కువపడ్డ చోటే గోడ ముందుగా పొట్ట పెడుతుంది. నింపుడు పొడిగా ఉన్నంతకాలం గోడకు ఢోకా లేదు. పైనుంచి నీళ్ళు దిగితే మట్టి ఉబ్బుతుంది, బరువెక్కుతుంది, బయటి వరుసను తోస్తుంది. ఎండకు మట్టి కుంచించుకుపోయినా తోసిన రాయి మాత్రం వెనక్కి రాదు. ఖాళీ అయిన సందులోకి పైనుంచి గులక జారి మేకులా బిగుసుకుంటుంది. మరుసటి ఏడు ఇంకో అంగుళం. పొట్ట ఒక్క వానకు పుట్టదు, ఏళ్ళ తరబడి ఇలా పేరుకుంటుంది.

ఇప్పుడు ఆ గోడకు బయట సిమెంటు పూస్తే ఏమవుతుందో చూడండి. సున్నపుకట్టు, మట్టికట్టు గాలి పీల్చే రకం. లోపలికి చేరిన తడి సందుల్లోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూత ఆ దారి మూస్తుంది. పైనుంచి దిగే నీరు ఎలాగూ ఆగదు, బయటికి పోయే తోవ మాత్రం పోయింది. తడితోపాటు వచ్చిన ఉప్పులు పూత వెనకాల గడ్డకట్టి రాతి ముఖాన్ని, ఇటుకైతే మరీ తొందరగా, పొరలు పొరలుగా ఊడగొడతాయి. పాత గోడ ఎండకూ తడికీ కొంచెం కొంచెం కదులుతుంది. సున్నం ఆ కదలికను భరిస్తుంది, సిమెంటు భరించలేక వెంట్రుకవాసి చీలిక ఇస్తుంది. ఆ చీలికలో నీళ్ళు లోపలికి పోతాయి, తిరిగి రావు. చివరికి పూత పలకలుగా ఊడి పడేటప్పుడు రాతి చర్మాన్ని కూడా తనతో తీసుకుపోతుంది. ‘సిమెంటు గట్టిది కదా’ అని మమ్మల్ని అడుగుతారు. గట్టిది కాబట్టే వద్దంటున్నాం. రెండు రాళ్ళ నడుమ ఉండేది రాయికంటే మెత్తగా ఉండాలి. అరిగితే అది అరగాలి, రాయి అరగకూడదు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి ఉంది. కొన్ని కోటగోడలకు అసలు కట్టుసున్నమే ఉండదు. చంద్రగిరి ప్రాకారం లాగా పెద్ద పెద్ద బండలను ఒకదాని మీద ఒకటి పేర్చి, సందుల్లో చిన్న చెక్కులు బిగించిన గోడలవి. వాటి సందులు తెరిచి ఉండాలి. కొండవాలున ఉన్న గోడ వెనక చేరే నీరు పోవలసింది ఆ సందుల్లోంచే. అందంగా ఉంటుందని పాయింటింగ్ చేస్తే, అంటే సందులు పూడ్చేస్తే, గోడను ఆనకట్టగా మార్చినట్టే. ఆనకట్టకు చేసే లెక్కలు ఆ గోడకు ఎవరూ చేయలేదు. అలాంటి గోడకు సున్నం పాయింటింగ్ కూడా వద్దు. జారిన చెక్కురాళ్ళను చెక్క సుత్తితో మళ్ళీ బిగిస్తే చాలు.

కాబట్టి ఎస్టిమేటుకు ముందే గోడ ఏ జాతిదో తేల్చాలి. ఇందుకు లాబొరేటరీ అక్కర్లేదు. సందులోంచి నిమ్మకాయంత ముద్ద తీసి గ్లాసు నీళ్ళలో వేయండి. కాసేపట్లో విడిపోయి బురద అయితే మట్టికట్టు. విడిపోకపోతే ఎండిన ముక్క మీద పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు వేయండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టు. పాళ్ళు కావాలంటే ఎండబెట్టి తూచిన వంద గ్రాముల పొడిని పలచని యాసిడ్‌లో పొంగు ఆగేదాకా కరిగించి, వడకట్టి, మిగిలిన ఇసుకను కడిగి ఎండబెట్టి మళ్ళీ తూచాలి. తగ్గిన బరువు సున్నానిది. ఇసుకలో గుల్లముక్కలుంటే అవీ కరిగిపోయి లెక్క తప్పుతుంది, పులికాట్ వైపు ఊళ్ళలో ఇది గుర్తుంచుకోవాలి. వడకట్టగా మిగిలినదాంట్లో ఎర్రపొడి కనబడితే సుర్ఖీ, అంటే ఇటుకపొడి, వేశారన్నమాట. కళ్ళద్దాలు, చేతితొడుగులు లేకుండా ఈ పని చేయవద్దు.

ఇప్పటికే సిమెంటు పూసేసిన బురుజుల సంగతేమిటి? తాపీ వెనకభాగంతో తట్టి చూడండి. బోలుగా మోగిన చోట పూత వదిలేసింది, అక్కడ ఉలితో నెమ్మదిగా తీయవచ్చు. గట్టిగా పట్టుకున్న చోట దాని జోలికి పోకండి. బలవంతాన కొడితే రాతి ముఖం ఊడొస్తుంది. దానంతట అది వదిలేదాకా ఆగి, అప్పుడు సున్నం వేయాలి. కట్టింగ్ మిషన్లు, డ్రిల్లింగ్ సుత్తెలు ఈ గోడ దగ్గరికి రానివ్వకూడదు.

తర్వాత చెట్లు. బురుజు మీద రావి, మర్రి, జువ్వి మొలవడానికి కారణం పక్షులు. గింజ సందులో పడుతుంది, వేరు తడిని వెతుక్కుంటూ నింపుడులోకి దిగుతుంది. పెన్సిలంత కాండం ఉన్న మొక్కను వాన వెలిసిన మర్నాడు చేత్తో పీకితే వేరుతో వస్తుంది. అంతకుమించితే పీకకూడదు. పీకినవాడి చేతికి మొక్కతోపాటు రెండు రాళ్ళూ వస్తాయి. ఊరికే నరికేస్తే మొద్దులోంచి నాలుగు కొమ్మలు వేస్తుంది, వేరు ఇంకా లావెక్కుతుంది. ఏటా పండక్కి ముందు శుభ్రం చేయించే ఊళ్ళలో జరుగుతున్నది ఇదే. కత్తిరింపు వల్ల చెట్టు బలపడుతోంది, గోడ బలహీనపడుతోంది.

సరైన పద్ధతి ఇది. కాండాన్ని గోడకు జానెడు ఎత్తున రంపంతో కోయాలి. కోసిన ముఖం మీద, బెరడుకు కాస్త లోపలగా, వేలంత లోతున కిందికి వాలుగా రంధ్రాలు వేసి, పాలు ఆరకముందే, అంటే నిమిషాల్లోనే, వేరుదాకా దిగే కలుపుమందు పోసి మైనంతోనో బంకమట్టితోనో మూయాలి. గ్లైఫోసేట్ వాడదలిస్తే, దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, పంచాయతీ మనిషి చేతికి డబ్బా ఇచ్చి పంపడానికి లేదు. చిగురు వేస్తే మళ్ళీ పోయాలి. వేరు చచ్చి ఎండడానికి నెలలు పడుతుంది. ఎండాక వదులైన ముక్క తీసి, ఆ బొక్కను సున్నపునీటి ముద్దతో నింపాలి. నింపకుండా వదిలేస్తే వేరు కుళ్ళిన దారే నీటికి కాలువ అవుతుంది. కిరోసిన్, ఉప్పు, యాసిడ్ పోయడం, మంట పెట్టడం వద్దేవద్దు. ఉప్పు గోడలోనే ఉండిపోతుంది, మంటకు రాయి పగులుతుంది. ఇక గోడ మొత్తాన్ని వేళ్ళతో కౌగిలించుకున్న పెద్ద మర్రి ఉంటే దాన్ని చంపకండి. అక్కడ గోడను నిలబెట్టింది ఇప్పుడు ఆ చెట్టే. గాలికి ఊగకుండా కొమ్మల బరువు తగ్గించి వదిలేయండి.

ఇక జేసీబీ. గోడ చుట్టూ ఉన్న కందకం చాలా ఊళ్ళలో చెత్తకుప్ప అయింది. దాన్ని శుభ్రం చేయాలనుకోవడం మంచిదే. కానీ పూడిక తీసే ఊపులో పాత అడుగుకంటే లోతుకు పోతే గోడ పునాదికి ఆనిన నేల పోతుంది. పునాది లోతు తెలుసుకోకుండా గోడ పక్కన తవ్వకూడదు. తెలియనప్పుడు కనీస నియమం: ఎంత లోతు తవ్వుతారో దానికి రెండింతల దూరం గోడనుంచి వదలాలి, తవ్విన అంచు నిలువుగా కాక వాలుగా ఉండాలి. గోడకు మూడు నాలుగు మీటర్ల లోపల పారతోనే పని. తీసిన చెత్తలో కుండపెంకులు, పాత ఇటుకలు, తుపాకి గుండ్లు వస్తే ఎక్కడ ఎంత లోతులో వచ్చాయో రాసి పెట్టండి. ఆ చెత్తే రేపు కాలాన్ని చెప్పే సాక్ష్యం.

కందకం ఒక ఎత్తు, పాటిమన్ను ఒక ఎత్తు. పాతఊరి దిబ్బల మట్టి పొలానికి బలమని రైతులు తోలుకోవడం కొత్తేం కాదు, అందులో తప్పుపట్టేదీ లేదు. అయితే బురుజు మొదట్లో తీసిన ప్రతి ట్రాక్టరు మట్టీ గోడ కాలి కింది నేల. ఎక్కడ తీయవచ్చో, ఎక్కడ కూడదో పంచాయతీ నాలుగు రాళ్ళు పాతి హద్దు చూపిస్తే సగం గొడవ తీరుతుంది. గుప్తనిధుల వాళ్ళ సంగతి వేరు. వాళ్ళు రాత్రిపూట వస్తారు, సరిగ్గా బురుజు మధ్యన బావిలా తవ్వుతారు, పూడ్చకుండా పోతారు. ఆ గుంతలో ఒక్క వానాకాలం నీళ్ళు నిలిస్తే నింపుడంతా తడిసి గోడ నాలుగువైపులా పొట్ట పెడుతుంది. అందువల్ల గుంత కనబడ్డ రోజే ఫొటో తీసి పోలీసులకూ తహశీల్దారుకూ చెప్పాలి. వాళ్ళు చూశాక అదే మట్టితో జానెడు జానెడు మందాన దిమ్మిస కొడుతూ పూడ్చాలి. నేలలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. ఊళ్ళో దండోరా వేయించడానికి ఈ ఒక్క ముక్క చాలు.

సున్నప్పని గురించి కొంచెం ఎక్కువ రాస్తాం, ఎందుకంటే టెండరు పత్రాల్లో ‘లైమ్ మోర్టార్’ అని రాసి, పనిచోట గుప్పెడు సున్నం కలిపిన సిమెంటు వేయడం మామూలైపోయింది. ఇంకో తిరకాసు, దుకాణంలో ‘పుట్టీ’ అని అడిగితే ఇచ్చేది తెల్లసిమెంటు పొడి. మనకు కావలసిన సున్నపు ముద్ద అది కాదు. గోడలకు వెల్ల వేయడానికి అమ్మే బస్తాసున్నం కూడా గాలి తగిలి నెలలు గడిస్తే చచ్చిపోయి ఉంటుంది, కట్టుబడికి పనికిరాదు.

కాల్చిన సున్నపురాయి తాజాగా, గడ్డలుగా ఉండాలి. తొట్టిలో ముందు నీళ్ళు పోసి, అందులోకి గడ్డలను కొంచెం కొంచెంగా వేయాలి. గడ్డల మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి మొహాన చిమ్ముతుంది. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, పక్కన శుభ్రమైన నీళ్ళ బకెట్టు ఉంచుకోండి. ఒక పాలు గడ్డకు మూడు పాళ్ళ నీళ్ళు, కలియబెడుతూ ఉండాలి. చల్లారాక సన్న జల్లెడలో వడపోసి, పైన నాలుగు వేళ్ళ ఎత్తు నీరు నిలిచేలా గుంతలో దాచాలి. మూడు వారాలు కనీసం, మూడు నెలలైతే మంచిది. తొందరపడి వాడితే ఉడకని పలుకులు గోడలోకి వెళ్ళాక ఉడుకుతాయి, పూత మీద పొక్కులు లేచి రాలిపోతుంది.

ఇసుక స్వర్ణముఖిదైనా సరే కడగనిదే నమ్మవద్దు. సీసాలో సగం ఇసుక, సగం నీళ్ళు పోసి కుదిపి నిలబెట్టండి. పైన పేరుకున్న ఒండ్రు ఇసుకలో పదోవంతుకు దగ్గరైతే కడగాలి. సముద్రపు ఇసుక పనికిరాదు. సుర్ఖీ కోసం లేతగా కాలిన ఇటుకలనే దంచాలి. నల్లగా మాడిన ఇటుక పొడికి సున్నంతో కలిసి గట్టిపడే గుణం ఉండదు, అది ఉత్త ఇసుకే. తడి తగిలే గోడకు ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్ఖీ, రెండు పాళ్ళ ఇసుక. గుల్లసున్నం తెల్లగా, నున్నగా ఉంటుంది, పైపూతకు బాగు. కట్టుబడికి వాడితే మాత్రం సుర్ఖీ తప్పనిసరి, లేకపోతే తడిలో గట్టిపడదు. గానుగ దొరికితే గానుగలో తిప్పడం, లేదంటే రోలర్ మిక్సరు. మామూలు కాంక్రీటు మిల్లర్ సున్నాన్ని ఉండలు చేస్తుంది తప్ప నూరదు.

కరక్కాయ, బెల్లం గురించి ఎవరిని అడిగినా ఒక కథ చెబుతారు. కోడిగుడ్ల సొన పోశారంటారు, ఇంకేవో పోశారంటారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పనిచేస్తాయి, సున్నం జారుగా వస్తుంది, నీళ్ళు తక్కువ పడతాయి, చీలికలు తగ్గుతాయి. కానీ ఎక్కువ పోస్తే ఎక్కువ బలం అనుకోవడం పొరపాటు. బెల్లం మించితే సున్నం రోజుల తరబడి బిగుసుకోదు, చీమలు పడతాయి. ముందు అడుగు చదరాన నాలుగు రకాల నమూనాలు వేసి, నెలరోజులు చూసి, గీరితే రాలనిదాన్ని ఎంచుకోండి. ఆ నమూనా పలకను పని అయ్యేదాకా అక్కడే ఉంచితే బిల్లు రాసేటప్పుడు కూడా పనికొస్తుంది.

సందులు నింపేముందు రెండంగుళాల లోతుకు పాత పొడి తీసి, మట్టిని ఊది, నీళ్ళతో తడపాలి. తడి మెరుస్తూ ఉండకూడదు, తడి పీల్చుకున్నాక వేయాలి. వెడల్పు సందుల్లో చెక్కురాళ్ళు దోపకుండా ఉత్త సున్నం కుక్కితే కుంచించుకుని చీలుతుంది. పూత ఒక్కోసారి అరంగుళం మించకూడదు. తర్వాత రెండు వారాలు తడి గోనెపట్టాలు కప్పాలి. సున్నం ఎండి గట్టిపడదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తడి సాయంతో పీల్చుకుని గట్టిపడుతుంది. ఎండలో వదిలేస్తే పొడై రాలుతుంది. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, ఏప్రిల్, మే మండుటెండలు. కాబట్టి సున్నప్పనికి జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే అనువు. నిధులు మార్చి 31లోపు ఖర్చు చేయాలని చివరి వారంలో పని మొదలుపెట్టించడం కంటే ఆ ఏడు పని మానేయడం మేలు.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని గోడకు కాదు, పైకప్పుకు. మీ దగ్గర ఒక్క పనికే డబ్బుంటే బురుజు తల మీద పెట్టండి. అయిదు మీటర్ల వ్యాసం ఉన్న తల తీసుకుందాం, అంటే దాదాపు ఇరవై చదరపు మీటర్లు. ముందు మట్టిని ఒకవైపుకు, మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు వచ్చేలా సరిచేసి దిమ్మిస కొట్టాలి. వాలు మట్టిలోనే రావాలి, గచ్చు మందంలో కాదు. దాని మీద పది సెంటీమీటర్ల సున్నపు కంకర. అంగుళం లోపు ఇటుకముక్కలు రెండు ఘనమీటర్లకు కాస్త పైగా, సున్నపు ముద్ద నాలుగు వందల లీటర్లు, అంతే సుర్ఖీ, అంతే ఇసుక. ఆ ముద్దకు సుమారు రెండు వందల కిలోల గడ్డసున్నం కావాలి. ఇటుకముక్కలను ముందురోజు నానబెట్టకపోతే అవి సున్నంలోని నీరంతా తాగేస్తాయి. పరిచాక చెక్క దిమ్మెలతో, సున్నపునీళ్ళు చిలకరిస్తూ, వరసగా రోజులు కొట్టాలి. దిమ్మె దిగకుండా ఎగిరి వెనక్కి వచ్చేదాకా. ఇక్కడే కాంట్రాక్టర్లు కూలీ మిగుల్చుకుంటారు, ఇక్కడే గచ్చు పాడవుతుంది. నీరు బయటికి పోయే రాతి తూము గోడనుంచి మూరెడు ముందుకు ఉండాలి. గోడకు ఆనించి పీవీసీ గొట్టం దించితే అది పగిలిననాడు నీళ్ళన్నీ పునాదిలోకే.

మట్టి బురుజులైతే పద్ధతి ఇంకా సులువు. వారం రోజులు నానిన మట్టి, తరిగిన వరిగడ్డి, పేడ కలిపి ఏటా పూయడమే. ఏటా చేయాల్సి రావడం లోపం కాదు, ఆ కట్టడం తీరే అంత.

పొట్ట పెట్టిన గోడకు వెంటనే పడగొట్టి కట్టాలని రాయకండి. ముందు అది ఇంకా కదులుతోందా, ఎప్పుడో కదిలి ఆగిపోయిందా తెలియాలి. పైనుంచి తూకం గుండు వేలాడదీసి, ప్రతి మీటరు ఎత్తులో దారానికీ గోడకూ దూరం కొలిచి రాయండి. చీలికకు రెండువైపులా పలచని గాజుముక్కను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ వేయండి. గాజు పగిలితే కదులుతున్నట్టు. నెలకోసారి చొప్పున ఏడాది చూస్తేనే వానాకాలపు కదలికనూ అసలు కదలికనూ విడదీయగలం. ఆ ఏడాదీ గోడ ఎత్తెంతో అంత దూరం కంచె వేయండి, కింద ఇసుకబస్తాలు దాపు పెట్టండి. ఒక్క వాసం ఆనించి తోసిపెట్టడం వద్దు, బరువంతా ఒక రాయి మీద పడి అదే లోపలికి పోతుంది. విప్పి కట్టక తప్పదంటే ప్రతి రాతికీ నంబరు వేసి ఫొటో తీశాకే విప్పాలి. నంబరు కనబడని ముఖం మీద వేయాలి, పెయింటుతో ముందువైపు రాసిన అంకెలు కొన్ని గోడల మీద ఇప్పటికీ పరీక్ష హాలు బల్లల్లా కనబడుతున్నాయి.

ఇదంతా ఎన్ని బురుజులకు? జవాబు ఉండాలంటే లెక్క ఉండాలి. ఈ విషయంలో మనం చూడదగ్గది మన కోటలకంటే చాలా కొత్తవైన కాంక్రీటు కట్టడాలను. 1940 వేసవిలో జర్మనీ దండెత్తుతుందన్న భయంతో బ్రిటన్ పల్లెల్లో, పొలంగట్ల మీద, కాలువల పక్కన ఇరవై ఎనిమిది వేల దాకా పిల్‌బాక్సులు, అలాంటి గట్టి కాపుగదులు కట్టారు. ఆరు మూలల గది, తుపాకి కన్నాలు, గుండుకు ఆగే అడుగు పైచిలుకు మందపు గోడ. ఫిరంగిగుండుకు ఆగాల్సినవైతే మూడున్నర అడుగులు. చెక్క కొరతవల్ల ఇటుకగోడనే అచ్చుగా వాడి లోపల కాంక్రీటు పోసినవి ఎన్నో. యుద్ధం అయ్యాక చాలావాటిని రైతులు, రోడ్డు పనివాళ్ళు పడగొట్టారు. 1995 నుంచి 2002 దాకా ‘డిఫెన్స్ ఆఫ్ బ్రిటన్’ ప్రాజెక్టులో దాదాపు ఆరువందల మంది స్వచ్ఛంద కార్యకర్తలు తిరిగి ఇరవై వేలకు దగ్గరగా యుద్ధకాలపు స్థలాలను నమోదు చేశారు. కాగితం, టేపు, కెమెరా, ఒకే రకం ఫారం, అంతే వాళ్ళ సామగ్రి. ఏది అరుదో, ఏది వందల్లో ఉందో ఆ లెక్క తర్వాతే తెలిసింది. కొన్నిటిని ఇప్పుడు గబ్బిలాల ఇళ్ళుగా కాపాడుతున్నారు.

మన రాష్ట్రంలోనూ ఆ జాతివి ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలపు కాంక్రీటు పిల్‌బాక్సులు విశాఖ తీరంలో ఇసుకలో మిగిలాయి. వాటి జబ్బు వేరు. సముద్రపు ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుము తుప్పుపడుతుంది, తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి పైకాంక్రీటును చీలుస్తుంది. కెరటం ఇసుకను తోడేస్తే పెట్టె మొత్తం పక్కకు ఒరుగుతుంది. అక్కడ సున్నం పనికిరాదు, ఇక్కడ సిమెంటు పనికిరాదు. ప్రాచీన కట్టడాల రక్షణకు 1958లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం కావాలంటే నూరేళ్ళు నిండాలి. అంటే 1942 నాటి పిల్‌బాక్సుకు 2042 దాకా ఆ చట్టం నీడ లేదు. తీరం ఉన్న తిరుపతి జిల్లా కూడా సూళ్ళూరుపేట, వాకాడు వైపు పాత కాంక్రీటు దిమ్మె ఏది కనబడినా పడగొట్టేముందు ఫొటో తీసి కొలతలు రాయమని మత్స్యశాఖకు, రోడ్ల శాఖకు ఒక సర్క్యులరు ఇస్తే ఖర్చేమీ లేదు.

మన బురుజుల కష్టం వయసుది కాదు. వాటికి నూరేళ్ళు ఎప్పుడో నిండాయి. జాబితాలో లేకపోవడమే వాటి కష్టం. ఆ కేంద్ర చట్టానికి 2010లో వచ్చిన సవరణ చెప్పే నూరు మీటర్ల నిర్మాణ నిషేధం, ఆపై రెండు వందల మీటర్ల నియంత్రణ కేంద్ర రక్షిత కట్టడాలకే వర్తిస్తాయి. 1960 నాటి రాష్ట్ర చట్టం కింద రక్షిత కట్టడంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. అన్నిటినీ ప్రకటించమనడం లేదు. ముందు లెక్కపెట్టమంటున్నాం.

ఒక్కో బురుజుకు ఒక్క కాగితం చాలు. ఊరు, మండలం, సర్వే నంబరు. భూమి గ్రామకంఠమా, పోరంబోకా, పట్టానా, ఇది రాయకపోతే రేపు ఆక్రమణ కేసులో ఆ కాగితం చెల్లదు. ఫోన్లో చూపే అక్షాంశ రేఖాంశాలు అయిదు దశాంశాల దాకా. మొదట్లో చుట్టుకొలత, తలలో చుట్టుకొలత, ఎత్తు, మందం. కట్టు మట్టిదా, సున్నమా, ఉత్త పేర్పా. తుపాకి కన్నాలెన్ని, బయట ఎంత, లోపల ఎంత. కన్నంలోంచి చూస్తే ఏం కనబడుతుందో తప్పక రాయండి. బావా, కనుమా, చెరువు తూమా? ఆ బురుజు దేన్ని కాయడానికి కట్టారో చెప్పేది ఆ చూపే. ఊరివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు. నాలుగు దిక్కుల ఫొటోలు, ప్రతి దాంట్లో కొలతకర్ర. సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటు, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు ఉంటే ఒక్క పూట పని. ‘శ్రీకృష్ణదేవరాయలు కట్టించెను’ అని మాత్రం రాయకండి. మన జిల్లాల్లో తెలియని ప్రతి గోడనూ ఆయనే కట్టించారు, పాపం ఆయనకు వేరే పని ఉన్నట్టు లేదు. కాలం తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి.

కమిషనర్ గారికి రెండు విన్నపాలు. సున్నప్పనికి, గచ్చు కొట్టుడుకు, వేరు చంపడానికి ఎస్‌ఎస్‌ఆర్‌లో, అంటే ప్రభుత్వ పనుల రేట్ల పట్టికలో, వేరే ఐటెములూ నిజమైన కూలిరేట్లూ ఉండేలా సంబంధిత శాఖకు రాయండి. రేటు లేకే ఇంజనీరు సిమెంటు ఐటెము ఎంచుకుంటున్నాడు, అతన్ని తిట్టి లాభం లేదు. పని కొలతలు రాసే ఎం-బుక్‌లో పూత మందంతోపాటు సున్నం నానిన తేదీ, తడి గోనెపట్టాలు కప్పిన రోజుల సంఖ్య రాయాలని నియమం పెట్టండి. కలెక్టర్లకు ఒకటి. జాబితా పూర్తయ్యేదాకా బురుజుకు పాతిక మీటర్ల లోపల ఏ శాఖ జేసీబీ దిగాలన్నా తహశీల్దారు సంతకం ఉండాలని ఉత్తర్వు ఇవ్వండి. పంచాయతీలు గ్రామసభలో తీర్మానం చేసి హద్దురాళ్ళు పాతవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఫొటోలు, కొలతలు ఈ సెప్టెంబరు లోపే అయిపోవాలి. అక్టోబరులో వానలు మొదలయ్యాక గడ్డి పెరిగి గోడ మొదలు కనబడదు, పొట్ట పెట్టిన చోట నిలబడి టేపు పట్టడం మనుషులకు మంచిది కాదు.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పాత కట్టడాల పని చేసే ఇంజనీర్లు, బేల్దారి మేస్త్రీలు